పేరుతో పిలుద్దాం, అడిగి సాయం చేద్దాం

– ఒక పూర్వ విద్యార్థి (1994–97 బ్యాచ్), ప్రస్తుతం ఉపాధ్యాయుడు



వార్షికోత్సవ సంచికకు ఒక వ్యాసం రాసివ్వమని కమిటీ తమ్ముళ్లు అడిగినప్పుడు ముందు "విద్యార్థి – క్రమశిక్షణ" అనే విషయం మీద రాద్దామనుకున్నాను. అలాంటివి ప్రతి సంచికలోనూ మూడు నాలుగు ఉంటాయి, ఇందులోనూ ఉండే ఉంటాయి. అందుకని ఆ ఆలోచన మానుకుని, మా బ్యాచ్ మూడేళ్లపాటు తెలియక చేసిన ఒక తప్పును ముందుపెట్టి, వికలాంగులతో ఎలా మెలగాలో నాకు తెలిసినంతలో రాస్తున్నాను. తెలియక అన్నాను గాని, తెలుసుకోవాలని మేము ఎన్నడూ అనుకోలేదు అంటే ఇంకా నిజం.

మా గదిలో పద్నాలుగు మందిమి ఉండేవాళ్లం. అందులో ఒకతనిది మాచర్ల వైపు పల్లె. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడిపోయింది. ఎడమ చేత్తో మోకాలి పైన నొక్కి పట్టుకుని అడుగు తీసి అడుగు వేసేవాడు. పోలియో అంటే ఈనాటి తమ్ముళ్లకు తెలియకపోవచ్చు. మన దేశంలో చివరి కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్లోని హౌరా జిల్లాలో నమోదైంది. 2014 మార్చి 27న మన దేశానికి పోలియో లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపత్రం ఇచ్చింది. మా తరంలో మాత్రం దాదాపు ప్రతి ఊళ్లో ఇలా నడిచే పిల్లవాడు ఒకడు కనబడేవాడు.

అతని పేరు ఇక్కడ రాయడం లేదు. రాయవచ్చా అని అడిగాను, వద్దన్నాడు. ఇందులో ఒక విచిత్రం ఉంది. ఇప్పుడు పేరు రాయొద్దంటున్న ఆ మనిషిని అప్పుడు మేము ఒక్కరోజు కూడా పేరుతో పిలవలేదు. "ఏరా కుంటోడా, ప్లేటు కడిగావా?" "కుంటోణ్ని లేపండిరా, స్టడీ అవర్ బెల్లు కొట్టారు" – ఇదీ మా పిలుపు. పిలిస్తే పలికేవాడు, నవ్వేవాడు. నవ్వాడు కాబట్టి బాధ లేదనుకున్నాం. పద్నాలుగు మందిలో ఒక్కడు పదమూడు మందితో రోజూ పోట్లాడలేడు కాబట్టి నవ్వాడని మాకు తట్టలేదు.

మేము అతనికి సాయం చేయలేదని కాదు. చేశాం. ఆ సాయం సంగతీ చెబుతాను. సంక్రాంతి సెలవులకు ఊళ్లకు పోతూ నరసరావుపేట బస్టాండులో మాచర్ల బస్సు ఎక్కుతున్నాం. జనం తోసుకుంటున్నారు. అతను ఫుట్‌బోర్డు మీద కుడికాలు పెట్టి, ఎడమ చేయి మోకాలి మీద ఆనించి లేవబోతున్నాడు. వెనక నుంచి నేను "నేను ఎక్కిస్తా రా" అని ఆ ఎడమ చేతినే పట్టుకుని పైకి లాగాను. ఆ కాలికి ఆధారం ఆ చెయ్యే. అది నా చేతిలోకి రాగానే మోకాలు ముడుచుకుపోయి ముందుకు పడ్డాడు. గడ్డం ఇనుప మెట్టుకు తగిలి నాలుగు కుట్లు పడ్డాయి. చుట్టూ ఉన్న జనం ఏమన్నారో తెలుసా? "కాలు సరిగా లేనోడివి, అంత తొందరెందుకయ్యా?" అని అతన్ని తిట్టారు. "పాపం, సాయం చేయబోయాడు" అని నన్ను మెచ్చుకున్నారు. నేనూ ఆ మెప్పు పుచ్చుకున్నాను. చాలా ఏళ్లు ఆ సంఘటన గురించి చెప్పినప్పుడల్లా నేను సాయం చేయబోయినట్టే చెప్పుకున్నాను.

తరువాత అతను డిగ్రీ చేసి, పరీక్ష రాసి ఒక ప్రభుత్వ కార్యాలయంలో ఉద్యోగం తెచ్చుకున్నాడు. పెళ్లయింది, ఒక అమ్మాయి. కొన్నేళ్ల క్రితం మా పూర్వ విద్యార్థుల సమావేశానికి ఏడో తరగతి చదివే ఆ అమ్మాయిని వెంటబెట్టుకుని వచ్చాడు. గేటు దగ్గర చూడగానే అందరం పాత ఉత్సాహంతో ఒకేసారి ఆ పాత పేరుతోనే కేక వేశాం. ఆ పిల్ల మా వైపు చూడలేదు. తండ్రి మొహం వైపు చూసింది. అతను మామూలుగానే నవ్వాడు, భోజనం చేశాడు, గ్రూపు ఫోటో దిగాడు. ఆ తరువాత మూడేళ్లు ఏ సమావేశానికీ రాలేదు. నాలుగో ఏడు నేను ఫోన్ చేసి గట్టిగా అడిగితే అప్పుడు చెప్పాడు. "మా ఆఫీసులో, మా వీధిలో నన్ను ఎవరూ అట్టా పిలవరు. మా అమ్మాయికి ఆ పేరు ఒకటుందని కూడా తెలియదు. మీరు తెలియజేశారు" అన్నాడు. కోపంగా కూడా అనలేదు.

మిత్రులారా! పేరు పోయి ఇంకేదో మాట మన మీద అంటుకోవడం అంటే ఏమిటో ఈ హాస్టల్లో చదివినవాళ్లకు ఒకరు చెప్పాలా? స్కూల్లో హాజరు పిలిచేటప్పుడు పేరు ఉండేది, బయట మాత్రం "హాస్టలోళ్లు" అని, ఊళ్లోకి పోతే ఇంకో మాట. మన వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువా గారు, పద్యం విని మెచ్చుకున్నవాళ్లే కులం తెలియగానే మొహం తిప్పుకున్న అనుభవాన్ని రాసుకున్నారు. మనం ప్రతి వార్షికోత్సవంలోనూ ఆయన ఫోటోకు దండ వేస్తాం. మా బ్యాచ్ వేసింది. ఆ దండ వేసిన చేతులతోనే వెనక్కి తిరిగి "కుంటోడా, కుర్చీలు ఎత్తరా" అన్నాం.

చట్టం విషయంలో నేను ఈ మధ్య గమనించిన ఒక సంగతి చెబుతాను. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. నలుగురూ చూసే చోట, కించపరచాలనే ఉద్దేశంతో, కావాలని అవమానించడం లేదా బెదిరించడం నేరమని అందులో ఉంది. శిక్ష ఆరు నెలల నుంచి ఐదేళ్ల వరకు జైలు, జరిమానా. ఇది మనలో చాలామందికి తెలుసు. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. అందులో 92వ సెక్షన్ తీసి చూడండి. వికలాంగుణ్ని నలుగురూ చూసే చోట, కించపరచాలనే ఉద్దేశంతో, కావాలని అవమానించినా బెదిరించినా నేరం. శిక్ష ఆరు నెలల నుంచి ఐదేళ్లు, జరిమానా. ఇంగ్లీషు పాఠాలు పక్కపక్కన పెట్టుకుంటే మాటకు మాట దాదాపు ఒకటే. అంటే అవమానం జరిగే తీరు రెండు చోట్లా ఒకటేనని చట్టం రాసినవాళ్లు గుర్తించారన్నమాట. అదే సెక్షన్లో ఇంకోటి కూడా ఉంది. వికలాంగులు వాడే సాధనాన్ని కావాలని పాడుచేయడం, దాన్ని వాడుకోకుండా అడ్డుపడటం కూడా నేరమే. సరదాకి చంకకర్రలు దాచిపెట్టే తమ్ముళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

అయితే జైలు భయంతో వచ్చే మర్యాద మర్యాద కాదు. అది ఎలాగూ తెలిసిందే కాబట్టి అసలు విషయానికి వస్తాను. మా స్కూలు ప్రాంగణంలో భవిత కేంద్రం ఉంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ప్రభుత్వం మండలాల్లో నడిపే కేంద్రాలవి. అక్కడ పనిచేసే టీచరమ్మ దగ్గర, మా మిత్రుని దగ్గర నేర్చుకున్నవే ఇక్కడ రాస్తున్నాను.

మొదటిది, అడగడం. "సాయం కావాలా?" అని అడగాలి. కావాలంటే "ఎట్టా పట్టుకోమంటారు?" అని రెండో ప్రశ్న అడగాలి. ఈ రెండో ప్రశ్న చాలామంది అడగరు. బస్టాండులో నేను ఆ ప్రశ్న అడిగి ఉంటే, "నా చేయి వదిలెయ్, వెనక జనాన్ని కాసేపు ఆపు చాలు" అనేవాడట. అతని ఒంటి సంగతి అతనికి తెలిసినంతగా నాకు తెలియదు కదా. "వద్దు" అంటే ఊరుకోవాలి. వద్దన్నాక కూడా "పర్లేదులే, మొహమాటపడకు" అని మీద పడితే అది మన సరదా తీర్చుకోవడమే.

రెండోది, ఆ మనిషితోనే మాట్లాడటం. ఏదో ఒక పని మీద ఆఫీసుకో ఆస్పత్రికో వికలాంగుడు తన తమ్ముణ్ని వెంటబెట్టుకుని వెళతాడు. కౌంటరులో కూర్చున్నాయన తమ్ముణ్ని చూసి "ఈయనకు ఏం కావాలంట?" అంటాడు. ఎదురుగా నిలబడ్డ మనిషికి నోరుంది, చదువుంది, కాగితం కూడా ఆయన చేతిలోనే ఉంది. ఇది చాలా ఎక్కువగా జరుగుతుంది. మనం కూడా బంధువుల ఇంట్లో "అన్నయ్య కాఫీ తాగుతాడా?" అని వదినను అడుగుతాం. అన్నయ్యను అడగాలి.

చూపు లేనివాళ్ల విషయంలో కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే మనకు తెలియని చిన్న చిన్న సంగతులు ఇక్కడే ఎక్కువ. దగ్గరికి వెళ్లగానే మన పేరు చెప్పాలి. "నేనెవరో చెప్పుకో చూద్దాం" అని గొంతు మార్చి ఆట పట్టించడం మన పల్లెల్లో పెద్దవాళ్లు కూడా చేస్తారు. మనకది సరదా, ఆయనకు రోజుకు పదిసార్లు రాసే పరీక్ష. వెళ్లిపోయేటప్పుడు కూడా "నేను వెళ్తున్నా" అని చెప్పాలి. లేకపోతే ఖాళీ కుర్చీతో మాట్లాడుతూ ఉంటాడు, చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతారు. దారి చూపించేటప్పుడు చేయి పట్టి లాగకూడదు, వెనక నుంచి నెట్టకూడదు, ఆయన చేతిలోని తెల్ల కర్రను అసలే పట్టుకోకూడదు. మన మోచేతి పైన ఆయన్ని పట్టుకోమని, మనం అర అడుగు ముందు నడవాలి. మన ఒళ్లు ఎటు తిరిగితే అటు ఆయనకు తెలిసిపోతుంది. మెట్లు వస్తే "మెట్లు" అంటే సరిపోదు, పైకా కిందికా చెప్పాలి. "అదిగో అక్కడ" అనకుండా "మీ కుడిచేతి వైపు నాలుగు అడుగుల్లో" అనాలి. భోజనం వడ్డించాక గడియారం లెక్కన చెబితే సులువు. ఆరు దగ్గర అన్నం, మూడు దగ్గర కూర, పన్నెండు దగ్గర పచ్చడి. డబ్బు ఇచ్చేటప్పుడు ఏది ఎంత నోటో చెబుతూ ఇవ్వాలి.

హాస్టల్లో చూపు లేని విద్యార్థి ఉంటే ట్రంకు పెట్టెలు నడిచే దారిలో పెట్టకండి. పెట్టె ఎప్పుడూ ఒకే చోట ఉంటే అతనికి గది అంతా కంఠతా వచ్చేస్తుంది. మనం ఊడ్చేటప్పుడు జరిపి అలాగే వదిలేస్తే మోకాలు పగిలేది అతనికి. తలుపు కూడా పూర్తిగా తీసి ఉంచాలి, లేదా పూర్తిగా వేసి ఉంచాలి. సగం తీసిన తలుపు అంచు నుదుటికి తగులుతుంది.

ఇంకొక సందేహం చాలామందికి ఉంటుంది. చూపు లేనివాళ్ల దగ్గర "మ్యాచ్ చూశావా?" అనకూడదేమో అని మాటలు మింగుతుంటారు. అనవచ్చు. వాళ్లూ అలాగే అంటారు. భాషలో మామూలు మాటలకు భయపడక్కర్లేదు.

వినికిడి లేనివాళ్లతో మన మొదటి పొరపాటు అరవడం. పూర్తిగా వినపడని మనిషికి ఎంత అరిచినా వినపడదు, మన మొహం మాత్రం కోపంగా కనిపిస్తుంది. ఎదురుగా, వెలుతురులో నిలబడి, నోటికి చేయి అడ్డం పెట్టుకోకుండా, మామూలు వేగంతో మాట్లాడాలి. పిలవాలంటే భుజం మీద మెల్లగా తట్టవచ్చు, చేయి ఊపవచ్చు, గదిలో ఉంటే లైటు ఒకసారి ఆపి వేయవచ్చు. వెనక నుంచి కాగితం ఉండలు విసరడం పిలవడం కాదు. అర్థం కాకపోతే రాసి చూపించాలి. అందరిలోకీ ఎక్కువ బాధపెట్టేది "ఏం లేదులే" అనే మాట అని టీచరమ్మ చెప్పారు. పదిమంది ఒక జోకుకు పడీపడీ నవ్వుతారు. వినపడని పిల్లవాడు "ఏంటి?" అని సైగ చేస్తే "ఏం లేదులే" అని చేయి ఊపేస్తారు. వాడు తన గురించే నవ్వారనుకుంటాడు. రెండు ముక్కలు రాసి చూపించడానికి మనకు బద్ధకం.

సైగల భాష అంటే చేతులు తిప్పడం కాదు, దానికి వ్యాకరణం ఉంది. భారతీయ సైగల భాష కోసం కేంద్ర ప్రభుత్వం 2015లో ఢిల్లీలో ఒక పరిశోధన, శిక్షణ కేంద్రం పెట్టింది. 2018లో 3,000 మాటలతో తెచ్చిన నిఘంటువు 2021 నాటికి 10,000 మాటలకు పెరిగింది. వీడియోల రూపంలో ఉంది, ఫోనులో చూసి నేర్చుకోవచ్చు. కనీసం "అన్నం తిన్నావా", "నీ పేరేంటి" నేర్చుకున్నా ఆ పిల్లల కళ్లలో వచ్చే మార్పు నేను చూశాను.

నత్తి ఉన్నవాళ్ల మాటను మనం పూర్తి చేయకూడదు. ఆగి వినాలి. మన సినిమాల్లో నత్తిని, చెముడును నవ్వించడానికే వాడుకున్నారు, దాంతో మనకు ఆ మనిషి నోరు తెరవకముందే నవ్వొస్తుంది. 2024 జూలై 8న సుప్రీంకోర్టు ఒక హిందీ సినిమా మీద వచ్చిన కేసులో ఈ విషయమే విచారించింది. సినిమాను ఆపలేదు గాని, వికలాంగులను అర్థం చేసుకునేలా చేసే హాస్యం వేరు, వాళ్లను తక్కువ చేసే హాస్యం వేరు అని చెప్పి, సినిమాలు తీసేవాళ్లు పాటించాల్సిన సూచనలు ఇచ్చింది.

చక్రాల కుర్చీ, మూడు చక్రాల బండి ఆ మనిషి ఒంట్లో భాగం లాంటివి. వాటి మీద చేయి వేసి ఆనుకోవడం, బ్యాగు తగిలించడం, అడగకుండా నెట్టడం చేయకూడదు. ఎక్కువసేపు మాట్లాడేటట్టయితే మనం కూడా కూర్చోవాలి. మెడ ఎత్తి మాట్లాడటం కష్టం. చంకకర్రలు "దారికి అడ్డం" అని తీసి గోడ మూలన పెట్టేవాళ్లుంటారు. లేవాలంటే అతను ఎవరినో బతిమాలుకోవాలి. మా మిత్రుడు చంకకర్రలు వాడేవాడు కాదు గాని, నీళ్ల కుళాయి దగ్గర సబ్బు నీళ్లు పారబోసి వదిలేస్తే రోజూ భయంభయంగా నడిచేవాడు. ఆ సంగతి ఇరవై ఏళ్ల తరువాత చెప్పాడు.

బుద్ధి వికాసం తక్కువగా ఉన్నవాళ్లను వయసుకు తగ్గట్టు చూడాలి. ఇరవై ఏళ్ల మనిషిని బుగ్గ గిల్లి "బుజ్జీ" అనకూడదు. చిన్న మాటలతో, ఒకసారికి ఒక విషయం చెబితే చాలు. వరంగల్ జిల్లా కల్లెడ గ్రామానికి చెందిన జీవంజి దీప్తి సంగతి మీరు పేపర్లో చదివే ఉంటారు. చిన్నతనంలో ఊళ్లో వాళ్లు ఆమెను ఎలా గేలి చేసేవారో ఆమె తల్లిదండ్రులు పత్రికల వాళ్లకు చెప్పుకున్నారు. ఆ అమ్మాయే 2024 మే నెలలో జపాన్లోని కోబేలో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరిగెత్తి ప్రపంచ రికార్డుతో బంగారు పతకం, అదే సంవత్సరం పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. ఇలాంటి విజయగాథ చెప్పేటప్పుడు నాకు కొంచెం ఇబ్బందిగా ఉంటుంది. పతకం రాకపోతే గేలి చేయడం సరైనదే అయ్యేదా?

ఇదే మాట మా మిత్రుడు తన సంగతిలోనూ అన్నాడు. ఈ వ్యాసం చిత్తుప్రతి అతనికి చదివి వినిపించాను. అందులో "ఎన్నో అవరోధాలను అధిగమించి ఆదర్శంగా నిలిచాడు" అని ఒక వాక్యం రాశాను. "అది కొట్టెయ్" అన్నాడు. "నేను గ్రూపు పరీక్ష రాశా, నీలాగే. ఫెయిలయ్యా, మళ్లీ రాశా. ఆదర్శం ఏముంది? బస్సు ఎక్కినా 'గ్రేట్ అండీ మీరు' అంటారు. సాంబారు పోసుకున్నా గ్రేటే." కొట్టేశాను. జాలిని మించిన పొగడ్త కూడా మనిషిని పక్కన నిలబెడుతుందని అప్పుడు అర్థమైంది.

జాలి మాటలు మన దగ్గర కావలసినన్ని ఉన్నాయి. "అయ్యో పాపం, ఏ జన్మలో ఏం చేసుకున్నాడో" అనేది ఒకటి. పోలియోకు కారణం ఒక వైరస్, పూర్వజన్మ కాదు. రెంటచింతల ఎండలో బస్సు కోసం నిలబడ్డ అపరిచితుణ్ని "పుట్టుకతోనేనా? మందులు వాడలేదా? పెళ్లయిందా? పిల్లలకు కూడా ఇట్టాగే ఉందా?" అని అడిగేవాళ్లను నేను చూశాను. మన కాలి సంగతి మనల్ని ఎవరూ అడగరు. కొత్తగా వచ్చింది ఇంకో మాట ఉంది. "నీకేంరా, ఒకటో తారీఖు పొద్దున్నే ఆరు వేలు." మన రాష్ట్రంలో వికలాంగుల పెన్షన్ 2024 జూలై నుంచి 3,000 నుంచి 6,000 రూపాయలైంది. అది ఎవరి జేబులోంచీ తీసి ఇస్తున్న ముష్టి కాదు. మన హాస్టల్ సీటును, స్కాలర్‌షిప్‌ను ఎవరైనా ఇలాగే ఎత్తిపొడిస్తే మనకు ఎంత మండుతుందో ఒక్కసారి అనుకుంటే చాలు.

ఇక ఏ మాట వాడాలి అనేది. కుంటి, గుడ్డి, మూగ, చెవిటి, పిచ్చి – ఇవి పేరుకు ముందు తగిలించకూడదని వేరే చెప్పక్కర్లేదు. "కుంటిసాకులు", "గుడ్డి ఎద్దు చేలో పడ్డట్టు", "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు" – ఇలా మన నుడికారం నిండా అవే ఉన్నాయి. ఇవన్నీ రేపటినుంచి నిషేధం అని నేను అనను. కాని ఆ మనిషి ఎదురుగా ఉండగా పాఠం చెబుతూ ఆ సామెత నేనే ఒకసారి వాడి నాలుక కరుచుకున్నాను. "వికలాంగులు" అనేది మనకు ఎప్పటినుంచో అలవాటైన మాట. 2015 చివర్లో ప్రధానమంత్రి "దివ్యాంగ్" అనే మాట సూచించారు. మన రాష్ట్ర ప్రభుత్వ శాఖ పేరులో "విభిన్న ప్రతిభావంతులు" అని ఉంటుంది. కొందరికి ఈ కొత్త మాటలు గౌరవంగా అనిపిస్తాయి. కొందరు "మాకు దివ్యత్వం వద్దు, ర్యాంపు కావాలి" అంటారు. నా మటుకు నాకు సరైన దారి ఒక్కటే కనిపిస్తుంది. ఆ మనిషికి ఏది ఇష్టమో అది.

1994లో మేము హాస్టల్లో చేరిన ఏడే ప్రకాశం జిల్లా ఈదుమూడిలో దండోరా ఉద్యమం మొదలైంది. అప్పటిదాకా తిట్టుగా వాడిన కులం పేరునే ఆ ఉద్యమకారులు తమ పేర్ల చివర గర్వంగా తగిలించుకున్నారు. (వర్గీకరణ మీద మనలో రెండు అభిప్రాయాలున్నాయి, ఆ చర్చ ఇక్కడ పెట్టను.) అదే మాట ఎదుటివాడు విసిరితే అవమానం, తాను ఎంచుకుంటే గౌరవం. వికలాంగుల పెన్షన్ పెంపు కోసం మంద కృష్ణ మాదిగ గారి నాయకత్వంలోనే వికలాంగుల హక్కుల పోరాట సమితి కూడా ఉద్యమించిందని ఇక్కడ గుర్తుచేస్తున్నాను. పిలుపు ఎవరు ఎంచుకోవాలి అనే ప్రశ్న మనకు కొత్త కాదు.

మా మిత్రుణ్ని అడిగితే, "వికలాంగుడు అనేది సదరం సర్టిఫికెట్‌లో మాట. అక్కడ ఉండనీ. నాకు పేరుంది, చిన్నవాళ్లయితే అన్నా అనొచ్చు" అన్నాడు.

మన తరఫున నిర్ణయాలు తీసుకునే అలవాటు కూడా ఒక రకమైన అమర్యాదే. మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో పుట్టిన బొల్లా శ్రీకాంత్ గారికి చూపు లేదు. పదో తరగతి మంచి మార్కులతో పాసైనా, చూపు లేనివాళ్లు సైన్సు చదవలేరని పెద్దలు నిర్ణయించారు. ఆయన కోర్టుకు వెళ్లి సైన్సు సీటు తెచ్చుకున్నారు. తరువాత అమెరికాలోని ఎంఐటీలో చదివి, 2012లో హైదరాబాదులో బొలాంట్ ఇండస్ట్రీస్ స్థాపించారు. ఆ పెద్దలు చెడ్డవాళ్లు కాకపోవచ్చు, ఆయన మంచికేనని అనుకుని ఉంటారు. మేమూ మా మిత్రుణ్ని ఆటల పోటీలప్పుడు అడగకుండానే స్కోరు రాయడానికి కూర్చోబెట్టేవాళ్లం. క్యారమ్స్‌లో మా అందరికన్నా బాగా ఆడేవాడని ఆఖరి సంవత్సరంలో గాని తెలియలేదు.

పదో తరగతి పరీక్షల్లో చూపు లేని, రాయలేని విద్యార్థులకు సహాయకులుగా తొమ్మిదో తరగతి పిల్లల్ని పంపుతుంటారు. రేపు మీలో ఎవరినైనా పంపవచ్చు. వెళితే అతను చెప్పింది చెప్పినట్టు రాయండి. తప్పు చెబితే తప్పే రాయండి. "నేను రాస్తాలే, నువ్వు ఊరుకో" అంటే ఆ పరీక్ష మీది అవుతుంది, అతనిది కాదు. రాసింది ఒకసారి చదివి వినిపించండి.

1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలు మాత్రమే ఉండేవి. 2016 చట్టంలో 21 ఉన్నాయి. తలసేమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ లాంటి పైకి కనపడనివి కూడా ఉన్నాయి. బస్సులో వికలాంగుల సీటులో కూర్చున్న కుర్రాణ్ని "బాగానే ఉన్నావుగా, లెయ్" అని గదమాయించేముందు ఇది గుర్తుంచుకోండి. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద 2 కోట్ల 68 లక్షల మంది వికలాంగులని తేలింది. అప్పటికి లెక్కలో ఇన్ని రకాలు లేవు.

చివరగా ఈ వార్షికోత్సవం సంగతి. మా మిత్రుడు ఈసారి వస్తానన్నాడు, కూతుర్ని కూడా తీసుకొస్తున్నాడు. ఆ అమ్మాయి ఇప్పుడు ఇంటర్. వేదిక మీదికి పిలిచి శాలువా కప్పొద్దని ముందే షరతు పెట్టాడు. సభ మేడమీద అనుకున్నారట. కింద వరండాలో పెట్టమని కమిటీకి చెప్పాను, సరేనన్నారు. వార్డెన్ గారు కుళాయిల దగ్గర నేల గరుకుగా చేయించి, గోడకు ఒక ఇనుప పైపు బిగించారు. మా బ్యాచ్ వాళ్లందరికీ విడివిడిగా ఫోన్ చేసి అతని పూర్తి పేరు గుర్తుచేశాను. ఇద్దరికి నిజంగానే తెలియదు, రాసుకున్నారు.

నేను ముందురోజే వచ్చి బస్టాండుకు ఎదురు వెళతాను. బస్సు దిగేటప్పుడు కుడివైపు నిలబడతాను. చేయి ఇమ్మని అడిగితే ఇస్తాను, లేకపోతే అమ్మాయి బ్యాగు పట్టుకుంటాను.